సర్వర్ దానంతటదే రీస్టార్ట్ అవుతోందా? ముందు ర్యాక్ వెనక్కి వెళ్లి చూడండి

"రాత్రిళ్లు సర్వర్ దానంతటదే రీస్టార్ట్ అవుతోంది, లాగ్‌లో ఏమీ లేదు, ర్యామ్ మార్చమంటారా?" అని అడిగారు. అప్పుడే మార్చకండి. లాగ్‌లో ఏమీ లేదంటున్నారు చూడండి, నన్నడిగితే అదే అసలు ఆనవాలు. ఓఎస్ (ఆపరేటింగ్ సిస్టమ్) క్రాష్ అయితే చాలావరకు ఏదో ఒక ముక్క రాసిపెట్టి మరీ పడిపోతుంది. కరెంటు టక్కున పోతే ఆ ముక్క రాయడానికీ టైముండదు.

మాకూ అచ్చం ఇలాగే జరిగింది. రెండు పవర్ సప్లైలున్న సర్వర్, వారానికి ఒకటి రెండు సార్లు, అదీ రాత్రి రెండు గంటలకు బ్యాకప్ నడిచే టైములోనే పడిపోయేది. ర్యామ్ మార్చాం. రాత్రంతా ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్ నడిపాం, ఒక్క ఎర్రర్ లేదు. ఓఎస్ కూడా మళ్లీ ఎక్కించాం. కారణం తెలియకుండా ఓఎస్ మళ్లీ ఎక్కించడమంటే నాకు ఒళ్లు మంట, ఉన్న కాస్త ఆధారమూ దాంతోనే తుడిచిపెట్టుకుపోతుంది. పవర్ సంగతి ఎవరం ఆలోచించలేదు. రెండున్నాయి కదా, ఒకటి పోతే రెండోది లాగుతుందిలే అన్న ధీమా.

చివరికి ఒక రాత్రి ర్యాక్ వెనకాల నేలమీదే కూర్చున్నాను. బ్యాకప్ మొదలై పావుగంట అయిందో లేదో, కింద యూపీఎస్‌లో రిలే, అంటే సప్లైను బ్యాటరీకి మార్చే స్విచ్, టక్‌మంది. ఆ క్షణంలోనే సర్వర్ ఫ్యాన్ల మోత తగ్గింది, వెంటనే అన్నీ ఒక్కసారిగా ఫుల్ స్పీడులో హోరెత్తాయి. అంటే సర్వర్ మళ్లీ మొదటి నుంచి బూట్ అవుతోందన్నమాట. టార్చ్ వేసి, జిప్ టైలతో బిగించి కట్టిన కేబుళ్ల కట్టను పక్కకు లాగి చూస్తే, ఎడమవైపు పవర్ సప్లై మీద పచ్చలైటు లేదు, కాషాయం రంగులో వెలుగుతోంది. ఎన్నాళ్లుగానో అది చచ్చి పడి ఉంది. అలర్ట్ మెయిళ్లు వెళ్తూనే ఉన్నాయి, ఉద్యోగం మానేసి వెళ్లిపోయినాయన ఐడీకి! ఆ కేబుళ్లు అలా కట్టినవాళ్ల మీద నాకు ఇప్పటికీ కోపమే, లైట్లు కనబడకుండా కట్టడం ఏం పద్ధతి?

జరిగిందేమిటంటే, మాది లైన్ ఇంటరాక్టివ్ యూపీఎస్, అంటే మామూలప్పుడు లైన్ కరెంటునే పంపి, అది తేడా చేసినప్పుడే బ్యాటరీకి మారే రకం. అది బ్యాటరీకి మారేటప్పుడు కొన్ని మిల్లీసెకన్లు సప్లై ఉండదు. ఆ సందును పవర్ సప్లైలో కాస్త కరెంటు దాచిపెట్టుకునే పెద్ద కెపాసిటర్ నెట్టుకురావాలి. బాగున్న సప్లై అయినా ఫుల్ లోడు మీద నిలబడేది పది, ఇరవై మిల్లీసెకన్లే. మాకు మిగిలిన సప్లై పాతది, కెపాసిటర్ బలం తగ్గిపోయింది, పైగా ఇద్దరు మోయాల్సిన బరువు ఒక్కదాని మీదే పడింది. పగలు లోడు తక్కువ కాబట్టి గట్టెక్కేది. బ్యాకప్ టైములో డిస్కులు, ప్రాసెసర్ అన్నీ ఒకేసారి లాగుతుంటే చేతులెత్తేసేది.

ఇంకో బాధ చెప్పాలి. మదర్‌బోర్డు మీద బీఎంసీ అని విడిగా ఒక కంట్రోలర్ ఉంటుంది, దాని లాగ్ వేరు, ఓఎస్ ఎక్కించినా అది చెరిగిపోదు. పవర్ సప్లై ఫెయిలైందని అందులో స్పష్టంగా ఉంది. మావాళ్లు అంతకుముందే చూశారు కూడా. కానీ బీఎంసీ గడియారం ఎవరూ సెట్ చేయలేదు, తేదీ 1970 అని ఉండేసరికి ఏదో చెత్త అనుకుని వదిలేశారు. తేదీ తప్పయినా వరుస తప్పు కాదండీ, ఏది ముందు ఏది తరువాత అన్నది దాంట్లో తెలుస్తుంది.

రెండు సప్లైలూ మార్చాం, ఒక తీగను వేరే యూపీఎస్‌కి మళ్లించాం. ఆ రాత్రి మళ్లీ రిలే టక్‌మంది, ఫ్యాన్ల మోతలో ఇసుమంత తేడా రాలేదు.

మీరు ముందు వెనక్కి వెళ్లి రెండు లైట్లూ చూడండి. రెండు తీగలూ ఒకే పవర్ స్ట్రిప్‌లోకి వెళ్తున్నాయేమో గమనించండి, వదులుగా ఉంటే గట్టిగా నొక్కండి. ఐపీఎంఐటూల్ అనే కమాండ్‌తో బీఎంసీ లాగ్ తీయండి, 12 వోల్టుల రీడింగ్ లోడు మీద 11.4 కన్నా కిందికి జారుతోందేమో చూడండి. రెండూ పచ్చగా ఉంటేనే, పని ఆపుకోగలిగే టైములో, ఒక్కో తీగా పీకి పరీక్షించండి. ఒకటి ఇప్పటికే పోయి ఉంటే మాత్రం రెండోదాన్ని పొరపాటున కూడా ముట్టుకోకండి. లాగ్‌లో ఏం కనబడిందో ఇక్కడ పెట్టండి, చూస్తాను.