నాలుగు నెలల బాబు ఉన్నట్టుండి రొమ్ము పట్టడం మానేశాడు, ఏం చేయాలి?

మీరు రాసింది చదువుతుంటే మూడేళ్ల కిందటి మా ఇల్లే కళ్లముందు కనపడిందండీ. మొన్నటి దాకా శుభ్రంగా తాగిన పిల్లాడు నిన్న పొద్దుటి నుంచి దగ్గరికి తీసుకుంటే చాలు, వెనక్కి విరుచుకుని గుక్కపట్టి ఏడుస్తున్నాడన్నారు. అత్తగారు డబ్బా పాలు కలపమంటున్నారు, మీకేమో నా పాలకే ఏదో అయిందని భయం. సరిగ్గా ఇదే నాకూ జరిగింది.

మిగతావన్నీ తర్వాత, ముందు ఇది చూడండి. రెండు నెలల లోపు పసికందు పాలు మానేస్తే ఇలాంటి జవాబులు చదువుతూ కూర్చోకూడదు, తిన్నగా ఆస్పత్రికి తీసుకెళ్లాలి. మీ వాడికి నాలుగు నెలలు కాబట్టి కాస్త వ్యవధి ఉంది. అయినా ఒళ్లు కాలుతున్నా, డొక్కలు ఎగరేస్తున్నా, నిమిషానికి 50 సార్లు, అంతకు మించి ఊపిరి తీస్తున్నా, నడినెత్తి మాడు లోపలికి గుంటపడినా, లేపినా లేవకుండా మగతగా పడి ఉన్నా, తాగిందంతా కక్కేస్తున్నా తెల్లారేదాకా ఆగొద్దు. బండి దొరక్కపోతే 108కి ఫోన్ చేయండి. ఇవేవీ లేవంటేనే కింద రాసింది మీకు పనికొస్తుంది.

మాది అమలాపురం దగ్గర పల్లె. మా పాపకి అప్పుడు నాలుగున్నర నెలలు, సంక్రాంతికి నేనింకా పుట్టింట్లోనే ఉన్నాను. భోగినాడు సాయంత్రం భోగిపళ్లు పోశారు. రేగుపళ్లు, చిల్లర, పూలరేకులు నెత్తిమీద పడుతుంటే పాప బిత్తరపోయి చూసింది. వచ్చినవాళ్లందరూ ఎత్తుకున్నారు, ఒళ్లోంచి ఒళ్లోకి తిరిగింది, రెండు పూటలు పాల వేళ దాటిపోయింది. దానికి తోడు ఆ మంచుకి జలుబు. కనుమనాడు మా వీధిలోంచి ప్రభ వెళ్తోంది. నేను కిటికీ పక్కన కూర్చుని పాలిస్తున్నాను. కిటికీ కిందే సీమటపాకాయల జడ ఒకటి పేలింది. పిల్ల ఉలిక్కిపడి చిగుళ్లతో గట్టిగా నొక్కేసింది, నేను ‘అబ్బా’ అని అరిచాను. అంతే, ఆ పూట నుంచి రొమ్ము కనపడితే చాలు, మొహం తిప్పేసి ఏడుపు.

ఇంట్లో తలో మాటా అన్నారు. అమ్మమ్మ ఉప్పు, మిరపకాయలు తిప్పి దిష్టి తీసింది. పోనీ, దానివల్ల నష్టమేం లేదు. మా అత్తగారు ఫోన్లో, ‘అరిసెలూ ఆవపెట్టిన కందబచ్చలీ తిన్నావు, పాలు చేదెక్కుంటాయి’ అన్నారు. మందుల షాపతను అడక్కుండానే గ్రైప్ వాటరూ పాల డబ్బా బల్లమీద పెట్టాడు. ఆ డబ్బాలకి ప్రచారం చేయకూడదని 1992 నుంచీ చట్టం ఉంది, తల్లిపాలే మేలని ఆ డబ్బా మీదే రాసి ఉంటుంది. అయినా చంటిపిల్ల తల్లి బెంగ మొహంతో షాపు మెట్లెక్కితే ఎవరికైనా బేరం గుర్తొస్తుంది కాబోలు.

వాటన్నిటికంటే నేను చేసిన తప్పే పెద్దది. పిల్ల ఆకలితో ఉందన్న కంగారులో తల వెనక చెయ్యి పెట్టి రొమ్ముకేసి అదిమాను. ఒకటికి నాలుగుసార్లు. ప్రతిసారీ ఏడుపు ముందుకంటే ఎక్కువైంది. మూడో పూటకి నేను జాకెట్టు హుక్కు మీద చెయ్యి వేస్తేనే పెదవి విరిచేది. ఆ రాత్రి నేనూ ఏడ్చాను. నా బిడ్డకి నేనే అక్కర్లేకపోయానా అనిపించింది.

మర్నాడు అమలాపురంలో పిల్లల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాం. చెవుల్లో లైటు వేసి చూశారు. చెవిపోటు ఉంటే చప్పరించేటప్పుడు నొప్పి పెరుగుతుందట, అందుకే రెండు గుక్కలు తాగి వదిలేసి ఏడుస్తారట. నోట్లో తెల్లటి పూత ఉందేమో చూశారు. పాల చారికైతే తుడిస్తే పోతుంది, నోటిపూత పోదు. చిగుళ్లు తడిమారు. ఈమధ్య టీకా వేయించారా అని కూడా అడిగారు. పద్నాలుగు వారాల టీకా మీవాడికి వేయించి ఎంతో కాలమై ఉండదు కాబట్టి మీరూ ఒకసారి చూడండి, సూది వేసిన తొడ ఇంకా గట్టిగా ఉండి మీ ఒంటికి ఒత్తుకుంటోందేమో. అలాగైతే రెండో వైపు తిప్పి పడుకోబెట్టుకోండి.

మా పాపకి దొరికింది ముక్కు దిబ్బడ. నోరు రొమ్ముతో నిండిపోతే ఊపిరి ముక్కుతోనే కదా తీసుకోవాలి, ఆ దారీ మూసుకుపోతే వదిలేస్తుంది మరి. పాలిచ్చే ముందు ఒక్కో ముక్కులో ఒక్కో చుక్క ఉప్పునీటి మందు వేయమన్నారు. మా ఊళ్లో కొబ్బరినూనె చుక్క వేస్తారండీ అంటే ఆవిడ కోప్పడ్డారు. నూనె ఊపిరితిత్తుల్లోకి దిగితే కొత్త జబ్బు తెచ్చుకున్నట్టేనట. కోనసీమలో అన్నిటికీ కొబ్బరినూనే మందు, కానీ ముక్కుకి మాత్రం వద్దు. స్నానం తర్వాత గదంతా కమ్మేసేలా వేసే సాంబ్రాణి పొగ కూడా మాన్పించారు. ఇంకో మాట కూడా అడిగారు: ‘నువ్వేమైనా రాసుకున్నావా?’ అని. నిజమే, తలనొప్పికి మెడదాకా బామ్ పట్టించాను. పిల్లకి నా వాసనే మారిపోయింది. కొత్త సబ్బు, కొత్త పౌడరు, సెంటు ఏదైనా మొదలుపెట్టారేమో మీరూ గుర్తుచేసుకోండి.

అప్పుడు ఆవిడ చెప్పిన మాట ఒక్కటే మమ్మల్ని ఒడ్డెక్కించింది. ‘పిల్ల సమ్మె చేస్తోందమ్మా. రెండు మూడు రోజులుంటుంది, ఒక్కోసారి వారం. కడుపు నింపడం ఒక పని, మళ్లీ రొమ్ముకి మళ్లించడం ఇంకో పని. రెండూ కలిపావంటే రెండూ చెడతాయి.’

కడుపు నింపడానికి ఉగ్గుగిన్నె తీశాం. మా అమ్మ నాకు వాడినదే, అటకమీద దొరికింది, మరిగించి కడిగాం. రెండు మూడు గంటలకోసారి, రాత్రి కూడా, చేత్తో పాలు పిండేదాన్ని. చేతులు సబ్బుతో కడుక్కుని, గోరువెచ్చటి గుడ్డ కాసేపు వేసుకుని, నల్లటి వలయం వెనకగా బొటనవేలు పైన, చూపుడువేలు కింద పెట్టి, ముందు ఛాతీ వైపు నొక్కి తర్వాత రెండు వేళ్లూ దగ్గరికి తేవాలి. మొన మాత్రం లాగకూడదు, నొప్పే తప్ప పాలు రావు. మొదటిసారి రెండు చెంచాలే వచ్చాయి. పాలు ఎండిపోయాయి అనుకున్నాను. కాదు, కంగారులో ఉంటే పాలు చేపవంతే. పక్కగదిలో పాప ఊ కొట్టిన చప్పుడు వినపడగానే జిల్లుమని చేపాయి. నాలుగో విడతకి చిన్న స్టీలు గ్లాసులో సగం దాకా వచ్చేవి. మన వేడికి బయట పెట్టిన పాలు నాలుగు గంటలు దాటనివ్వకండి, ఎండాకాలమైతే అంతసేపు కూడా వద్దు, పిండగానే ఫ్రిజ్‌లో పెట్టేయడం మేలు.

పట్టేటప్పుడు పిల్లాడిని కాస్త నిటారుగా ఒళ్లో కూర్చోబెట్టుకుని గిన్నె ముక్కు కింది పెదవికి ఆనించాలి, వాడే నాలుకతో లాక్కుంటాడు. గొంతులో పోయకండి, పొలమారుతుంది. పాలసీసా ఇస్తే సులువే గానీ, పీక అలవాటైతే తిరిగి రొమ్ముకి రావడం కష్టం, నేనందుకే దాని జోలికి పోలేదు. చక్కెర నీళ్లు, తేనె, వస ఏవీ వద్దు. మంచినీళ్లు కూడా ఆర్నెల్లు నిండేదాకా అక్కర్లేదు.

పిల్లకి చాలుతున్నాయో లేదో అన్న బెంగకి మందు, తడి గుడ్డలు లెక్కపెట్టడం. డైపరు తీసేసి పాత చీర గుడ్డలు కట్టాం, తడిసినప్పుడల్లా గోడమీది క్యాలెండర్లో ఆ తేదీ గళ్లో పెన్సిలుతో ఒక గీత. రోజు మొత్తానికి ఆరు గీతలు తగ్గకపోతే సరిపోయినట్టే. రెండో రోజు ఎనిమిది వచ్చాయి. మావారు ఆ క్యాలెండర్ ఫొటో తీసి వాళ్లమ్మకి పంపారు. డబ్బా మాట ఆ తర్వాత రాలేదు. ఒకవేళ పిండినా చాలక గీతలు తగ్గుతుంటే మాత్రం పంతాలకి పోకండి. డాక్టరు ఏది పట్టమంటే అది పట్టండి.

రొమ్ముకి మళ్లించే పని నిజానికి ఏమీ చేయకపోవడమే. పగలు అడగడం పూర్తిగా మానేశాను. మధ్యగది తలుపేసి, లైటు తీసి, జాకెట్టు లేకుండా పాపని ఛాతీ మీద బోర్లా పడుకోబెట్టుకుని ఊరికే ఉండేదాన్ని. తాగితే తాగింది, లేకపోతే లేదు. ఏడిస్తే వెంటనే లేచి భుజాన వేసుకుని కొబ్బరితోటలో తిప్పేదాన్ని. ఆకలి తారస్థాయికి వచ్చేదాకా ఆపడం కూడా పొరపాటే. గిన్నెతో సగం కడుపు నింపి, నిద్ర ముంచుకొచ్చే వేళకి పక్కన పడుకునేదాన్ని.

మూడో రాత్రి, తెల్లవారుజామున, ఒకే దుప్పటి కింద పడుకుని ఉండగా నిద్రలోనే మొహం ఇటు తిప్పి వెతుక్కుంది. నేను కదల్లేదు, ఊపిరి కూడా మెల్లిగా తీశాను. పట్టింది. గుటకల చప్పుడు వినపడుతుంటే పక్క గదిలో అమ్మని పిలవాలనిపించింది గానీ నోరు మూసుకున్నాను. ఇంకో రెండు రోజులు మగతలోనే తాగింది, ఐదో రోజుకి పగలు కూడా మామూలైపోయింది.

మీ రొమ్ములు ఈపాటికి బరువెక్కి రాళ్లలా ఉండుంటాయి. పిండకుండా వదిలేయకండి, గడ్డ కడుతుంది. ఎర్రబడి జ్వరం వస్తే మీరూ డాక్టరుకి చూపించుకోవాలి. బాబు మళ్లీ పట్టాక పిండడం కూడా ఒక్కసారిగా మానొద్దు, రోజుకొక విడత చొప్పున తగ్గించండి. ఇవాళ ఎన్ని గుడ్డలు తడిశాయో రాత్రికి ఒకసారి ఇక్కడే రాయండి, నేను చూస్తుంటాను.