స్కాట్లండ్ కొండల్లో హాస్టల్ బస: మొదటి రాత్రి నిద్ర పట్టకపోయినా వెనక్కి రావద్దు

మీరు అడిగింది ఇది: లీడ్స్‌లో మాస్టర్స్ చేస్తున్నారు, జూన్‌లో ఒక్కరే స్కాట్లండ్ హైలాండ్స్ తిరగాలనుంది, హోటళ్లకు డబ్బు చాలదు, హాస్టల్లో ముక్కూమొహం తెలియని వాళ్ల మధ్య పడుకోవాలంటే భయం, పైగా శాకాహారం, ఇంట్లో అమ్మ ఒప్పుకోవట్లేదు. నేను 2019 జూన్‌లో గ్లాస్గోలో చదువుతూ ఇదే పని చేశాను. పది రోజులు, నాలుగు హాస్టళ్లు. మీ ప్రశ్న చదువుతుంటే అప్పటి నా భయాలన్నీ గుర్తొచ్చాయి. అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను.

ముందు 'హాస్టల్' అన్న మాట గురించి చెప్పాలి. మనలో చాలామందికి ఆ మాట వినగానే ఇంటర్ గుర్తొస్తుంది. నేను విజయవాడ దగ్గర ఒక కార్పొరేట్ కాలేజీ హాస్టల్లో రెండేళ్లున్నాను. తెల్లారుజామున ఐదింటికే స్టడీ అవర్, బాత్రూం ముందు బకెట్ల వరస, తాళం వేసిన ట్రంకు పెట్టె, అవుటింగ్ కోసం వార్డెన్ ముందు నిలబడటం, ఆదివారం అమ్మ క్యారేజీ కోసం గేటు వైపు చూడటం. అక్కడి రోజులో ఏ గంటా నాది కాదు. హైలాండ్స్‌లోని ఫోర్ట్ విలియం అనే ఊరికి వెళ్లే రైల్లో కూర్చున్నప్పుడు నా కడుపులో ఉన్న గుబులు స్కాట్లండ్ గురించి కానే కాదు, ఆ పాత హాస్టల్ గురించి. మీ భయంలోనూ కొంత అదే ఉందేమో ఒకసారి చూసుకోండి. ఇక్కడ హాస్టల్ అంటే ప్రయాణికులు ఒక గదిలో మంచానికింత చొప్పున కట్టి పడుకునే చోటు. ఎన్నింటికి లేచావు, ఎక్కడికెళ్లావు, తిన్నావా అని అడిగేవాళ్లు ఎవరూ ఉండరు. హాయి అదే, మొదట్లో కష్టమూ అదే.

మొదటి రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎనిమిది మంచాల గది, నాకు పై బంక్ వచ్చింది. కింద ఒకావిడ గురక. జూన్‌లో అక్కడ రాత్రి పది దాటినా వెలుతురు పోదు, నాలుగున్నరకల్లా మళ్లీ తెల్లారిపోతుంది. పల్చటి కర్టెన్ లోంచి ఆ వెలుగు నేరుగా మొహం మీద పడింది. తలగడ కింద పాస్‌పోర్టు, చేతిలో ఫోను పట్టుకుని, ఎవరు కదిలినా కళ్లు తెరుస్తూ పడుకున్నాను. పొద్దున్న లేచి తిరుగు రైలు టికెట్ ఎంతో కూడా చూశాను. మీకూ అలాగే అనిపిస్తే ఆ ఒక్క రోజు ఏ నిర్ణయమూ తీసుకోకండి. రెండో రాత్రి తొమ్మిది కిలోమీటర్లు నడిచొచ్చి పడుకున్నాను, ఎవరు గురక పెట్టారో కూడా తెలియదు.

నిద్రకు పనికొచ్చేవి: ఇయర్‌ప్లగ్స్, కళ్లకు కట్టుకునే మాస్క్, ఒక పాత చున్నీ. కింది బంక్ దొరికితే ఆ చున్నీ చివర పై పరుపు కింద దోపి వేలాడదీయండి, చిన్న గది కట్టినట్టే ఉంటుంది. చాలా చోట్ల దుప్పటి, పరుపు మీద వేసే బట్ట వాళ్లే ఇస్తారు, మన స్లీపింగ్ బ్యాగులు లోపలికి తేవద్దంటారు. నల్లుల భయం. వెళ్లే రోజు ఆ బట్టలు మనమే తీసి వాళ్లు చెప్పిన బుట్టలో వేయాలి. ఆడవాళ్లకు మాత్రమే అని విడిగా గదులుంటాయి, బుక్ చేసేటప్పుడే చూసి ఎంచుకోండి. తెల్లారగట్ల బయల్దేరాలంటే బ్యాగు రాత్రే సర్దేసి వాకిలి దగ్గర పెట్టుకోండి. చీకట్లో ప్లాస్టిక్ కవర్ల గరగర ఎనిమిది మందినీ లేపుతుంది, ఎవరూ ఏమీ అనరు గానీ మనకే మొహం చెల్లదు. ఇంకోటి, మొహమాటం లేకుండా చెప్తున్నాను: టాయిలెట్లలో నీళ్లుండవు. లీటరు ఖాళీ సీసా ఒకటి బ్యాగులో ఉంచుకోండి.

వాన గురించి వేరే చెప్పక్కర్లేదు, ఫోర్ట్ విలియం చుట్టుపక్కల అది రోజూ వచ్చే చుట్టం. కానీ అక్కడి హాస్టళ్లలో డ్రయింగ్ రూమ్ అని ఒకటుంటుంది. వేడిగాలి తిరిగే చిన్న గది, కొక్కేలకు కోట్లు, కింద వరసగా బూట్లు. తడిసిన ఉన్ని వాసన గుప్పుమంటుంది. రాత్రి అక్కడ పెట్టిన బూట్లు పొద్దున్నకి వెచ్చగా ఉంటాయి. ఆ వెచ్చటి బూట్లలో కాళ్లు పెట్టిన పొద్దున నాకు ఆ ఊరి మీద ప్రేమ పుట్టింది, నిజంగా.

ఇక వంటిల్లు. నా అనుభవంలో అలవాటు పడటమంటే మంచానికి అలవాటు పడటం కాదు, వంటింట్లో నిలబడటానికి అలవాటు పడటం. మొదటి రెండు పూటలూ నేను బంక్ మీదే కూర్చుని బ్రెడ్డు తిన్నాను. అందరూ కింద వండుకుంటున్నారు, మన తాలింపు వాసనకు ఏమంటారో, చేత్తో తింటే ఎలా చూస్తారో అని జంకు. మూడో పూటకి ఆకలి ఆ జంకును ఓడించింది.

శాకాహారానికి ఇబ్బంది పడనక్కర్లేదు, ఒక్క పని ఇంట్లోనే చేసుకెళ్లండి. రవ్వ వేయించండి. ఆవాలు, మినప్పప్పు, శనగపప్పు, జీడిపప్పు, ఎండుమిరపకాయలు, కరివేపాకుతో పోపు పెట్టి, కరివేపాకు గలగలలాడేదాకా వేగనిచ్చి రవ్వలో కలపండి, ఉప్పు కూడా వేసేయండి. చల్లారాక జిప్ కవర్లలో పూటకో గ్లాసు చొప్పున నింపండి. అక్కడ రెండున్నర గ్లాసుల నీళ్లు మరిగించి పోస్తే ఐదు నిమిషాల్లో ఉప్మా. హాస్టల్లో పోపు పెట్టకండి, పొగ అలారం మోగితే అందరూ వానలో బయట నిలబడాలి. ఆవకాయ తీసుకెళ్తే గాజు సీసా వద్దు, మూత బిగించిన చిన్న డబ్బాకి రెండు కవర్లు చుట్టండి. కందిపొడి అన్నిటికన్నా క్షేమం. ఫ్రిజ్‌లో ఏది పెట్టినా పేరు, వెళ్లే తేదీ రాసి అంటించాలి. ఒక అలమారలో ముందు వెళ్లినవాళ్లు వదిలేసిన ఉప్పు, నూనె, పాస్తా, టీ పొడి ఉంటాయి, ఎవరైనా వాడుకోవచ్చు. ఏదైనా కొనేముందు అది చూడండి.

వీలుంటే రెండు రాత్రులు లాఖ్ ఒసియన్‌లో ఉండండి. 'లాఖ్' అంటే సరస్సు. ఫోర్ట్ విలియం నుంచి గ్లాస్గో వైపు రైల్లో గంట లోపే కొరౌర్ అనే స్టేషన్ వస్తుంది. 408 మీటర్ల ఎత్తు, బ్రిటన్ మెయిన్ లైన్ స్టేషన్లలో అంతకన్నా ఎత్తైనది లేదు. మామూలు జనం కార్లో వెళ్లే రోడ్డు దానికి లేదు. చుట్టూ రానక్ మూర్, కనుచూపు మేరా తడి నేల, గడ్డి, మధ్యమధ్యలో నీటి గుంటలు. 1890లలో ఈ లైను వేసినప్పుడు ఆ బురదలో పట్టాలు నిలవక, చెట్ల వేర్లు, కొమ్మలు పరుపులా పరిచి, దాని మీద వేల టన్నుల మట్టి, బూడిద పోశారు. రైలు ఇప్పటికీ దాని మీదే నడుస్తోంది. స్టేషన్ నుంచి మైలు నడిస్తే నీటి ఒడ్డున చిన్న చెక్క హాస్టల్. 1931 నుంచి నడుస్తోంది. దుకాణం లేదు, తిండి ముందే మోసుకెళ్లాలి.

నేను మొదటిసారి అందరి ముందూ ఉప్మా చేసింది అక్కడే. ఒకటే వంటిల్లు, దాక్కోవడానికి చోటు లేదు. నీళ్లు పోయగానే కరివేపాకు వాసన గదంతా నిండింది. పక్కన కూరగాయలు తరుగుతున్న అరవయ్యేళ్ల స్కాటిష్ ఆవిడ కత్తి ఆపి, అదేమిటని అడిగారు. చెప్పాను. ఒక చెంచా పెట్టాను. ఆవిడ ఆవాలను ఒక్కొక్కటే పంటి కింద కొరికి చూసి, తన సూపు ఒక కప్పు నా ముందు పెట్టారు, మాంసం లేదని ముందే చెప్పి మరీ. నేను చేత్తో తిన్నాను, ఎవరూ వింతగా చూడలేదు. తర్వాత ఆవిడ మ్యాపు పరిచి, రేపు సరస్సు చుట్టూ నడువు, పదకొండు కిలోమీటర్లు పైనే, ఒక్కదానివైనా దారి తప్పవు అని వేలితో చూపించారు. మర్నాడు అదే దారిలో నడిచాను. దారిలో నాకు కనిపించినవాళ్లు ఇద్దరే. ఆ రాత్రి పాస్‌పోర్టు తలగడ కింద పెట్టుకోవడం మర్చిపోయాను. (మీరు మర్చిపోకండి, చిన్న తాళం కప్ప ఒకటి తీసుకెళ్లి లాకర్ ఉన్నచోట వాడండి.)

గాలి ఆగిన సాయంత్రాల్లో మిడ్జ్ అనే సన్న దోమలు మేఘంలా వస్తాయి. మొహానికి వేసుకునే వల కొనుక్కోండి, రెండు మూడు పౌండ్ల కోసం చూసుకోవద్దు.

అమ్మ సంగతి. నేను చేసిన తప్పు మీరు చేయొద్దు. లాఖ్ ఒసియన్‌లో నాకు ఫోను సిగ్నల్ దొరకలేదు, ఆ సంగతి ఇంట్లో ముందు చెప్పలేదు. రెండు రాత్రులు అమ్మ ఖమ్మంలో నిద్రపోలేదు, నా రూమ్మేట్‌కి పదకొండుసార్లు ఫోన్ చేసింది. తిరిగి రైల్లో సిగ్నల్ రాగానే చేస్తే తిట్టలేదు, 'తిన్నావా' అని ఆగిపోయింది, ఆ తర్వాత గొంతు రాలేదు. నాకు ఇప్పటికీ బాధే. హాస్టల్ పేర్లు, వాళ్ల ఫోను నంబర్లు, రైలు టైములు ఒక కాగితం మీద రాసి ఫొటో తీసి అమ్మకి పంపండి. ఫలానా రెండు రోజులు ఫోను కలవదు, ఫలానా రోజు మధ్యాహ్నం నేనే చేస్తాను అని ముందే చెప్పండి. ఆ టైం మనకు కాదు, ఇండియాకి లెక్కగట్టి చెప్పండి. జూన్‌లో నాలుగున్నర గంటల తేడా.