భర్త ఉద్యోగం మీద నెదర్లాండ్స్‌లోని ఐండ్‌హోవెన్ వచ్చాం, ఖర్చు లేకుండా డచ్ ఎక్కడ నేర్చుకోవాలి? - నాకు పనికొచ్చినవి

మీ వారిది కెన్నిస్‌మిగ్రాంట్ వీసా, అంటే నైపుణ్యం ఉన్న ఉద్యోగులకిచ్చేది, మీరు డిపెండెంట్, బాబు ఇంకొన్నాళ్ళలో స్కూల్‌కి వెళ్తాడు, క్లాసులు చూస్తే వందల యూరోలు, బయట ఎవర్ని పలకరించినా ఇంగ్లీష్‌లోకి మారిపోతున్నారు, మరి డచ్ వచ్చేదెలా అనేగా మీ ప్రశ్న. నేనూ అదే వీసా మీద ఇదే ఊరు వచ్చా అండి, మాది ఖమ్మం, కాబట్టి నాకు తెలిసింది రాస్తున్నా.

ముందు ఒక కంగారు తీసేస్తా. మూడేళ్ళలో బీ1 లెవెల్ రాకపోతే ఫైన్ అని వాట్సాప్ గ్రూపుల్లో తిరిగేది మన గురించి కాదు. 2022 జనవరి 1న వచ్చిన ఇన్‌బుర్గరింగ్ చట్టం, అంటే కొత్తగా వచ్చినవాళ్ళు డచ్ భాష, ఇక్కడి పద్ధతులు నేర్చుకోవాలనే చట్టం, ఎక్కువగా శరణార్థులకీ, ఇక్కడ స్థిరపడినవాళ్ళని పెళ్ళి చేసుకుని వచ్చేవాళ్ళకీ వర్తిస్తుంది, కెన్నిస్‌మిగ్రాంట్ ఫ్యామిలీకి ఆ గడువు లేదు. కాకపోతే ఐదేళ్ళ తర్వాత పర్మనెంట్ రెసిడెన్స్ కావాలన్నా, ఇండియన్ పాస్‌పోర్ట్ వదులుకుని ఇక్కడిది తీసుకోవాలన్నా ఇన్‌బుర్గరింగ్ పరీక్ష పాసవ్వాల్సిందే, మనలా సొంతంగా రాసేవాళ్ళకి ఇప్పటిదాకా ఏ2 చాలు, అది బీ1 కన్నా ఒక మెట్టు కింద. గడువు లేదు కదా అని మనవాళ్ళు నాలుగేళ్ళు పట్టించుకోరు, ఐదో ఏడు ఉరుకులు పరుగులు.

ఇక అసలు సంగతి. నన్నడిగితే ఇంగ్లీష్ పనిచెయ్యని చోటు వెతుక్కోండి, అంతే. సూపర్‌మార్కెట్‌లో, ఆఫీసులో మీరెంత డచ్ ట్రై చేసినా అవతలివాళ్ళు మర్యాదకి ఇంగ్లీష్‌లోకి దిగిపోతారు, వాళ్ళది తప్పు కూడా కాదు, వాళ్ళకి పని తొందరగా అయిపోవాలి. అదే లైబ్రరీలో టాల్‌కఫే అని, కూర్చుని డచ్‌లో కబుర్లు చెప్పుకునే టేబుల్ పెడతారు చూడండి, అక్కడికి వెళ్తే కథ వేరు. నేను కూర్చునే టేబుల్ దగ్గర ఒక సిరియా ఆయన, గోడౌన్‌లో పనిచేసే పోలండ్ అమ్మాయి, ఒక టర్కీ బామ్మ, మధ్యలో రిటైరైన డచ్ వాలంటీర్ ఆవిడ ఉండేవాళ్ళు. బామ్మకి ఇంగ్లీష్ ముక్క రాదు, ఇక అందరికీ డచ్చే గతి! వాలంటీర్ ఆవిడ పుస్తకం తెచ్చేది కాదు, ఆ వారం ఆల్బర్ట్ హైన్ సూపర్‌మార్కెట్ ఆఫర్ల కాగితం తెచ్చి పరిచేది, 'ట్వేడె హాల్వె ప్రైస్' అంటే రెండోది సగం రేటు కదా, మరి రెండు కొంటే ఒక్కోటి ఎంత పడింది, నిజంగా లాభమేనా అని బామ్మ వాదన, ఇలా గంటన్నర. ఫీజు లేదు, పైగా కాఫీ. చాలా ఊళ్ళ లైబ్రరీల్లో టాల్‌హౌస్ అని భాష నేర్చుకునేవాళ్ళకి సాయం చేసే డెస్క్ ఉంటుంది, అక్కడికెళ్ళి అడిగితే మీ ఏరియాలో ఏ రోజు ఎక్కడ ఉందో చెప్తారు, బూర్త్‌హౌస్ అంటే కాలనీ కమ్యూనిటీ సెంటర్ల వివరాలు కూడా.

గుంపులో మాట్లాడ్డానికి మొహమాటమైతే ఒక్కరితోనే మాట్లాడే పద్ధతి ఉంది, టాల్‌మాట్ అంటారు. వారానికోసారి ఒక వాలంటీర్ మీతో కాఫీకో నడకకో వస్తారు. గిల్డే అనే వాలంటీర్ సంస్థ వాళ్ళ సామెన్‌స్ప్రాక్ ఇలాంటిదే, హెట్ బెఖింట్ మెట్ టాల్ అనే సంస్థ వెబ్‌సైట్‌లో మీ ఊరు కొడితే దగ్గర్లో ఎవరున్నారో వస్తుంది. వెయిటింగ్ ఉంటుంది కాబట్టి ముందే పేరివ్వండి.

బాబు స్కూల్‌ని మాత్రం వదలొద్దు. ఇక్కడ సెలవులయ్యాక పిల్లల తలల్లో పేలున్నాయేమో చూడ్డానికి తల్లిదండ్రుల్ని వాలంటీర్లుగా పిలుస్తారు, నిజంగానే. పేలు చూడ్డం మనకొకరు నేర్పాలా చెప్పండి, నేను వెంటనే పేరిచ్చేశా. నాలుగేళ్ళ పిల్లలకి ఇంగ్లీష్ రాదు, తప్పుగా మాట్లాడితే మొహం మీదే సరిచేస్తారు. 'స్టిల్ జిట్టెన్', 'హోఫ్డ్ నార్ బెనేడెన్' అంటే కదలకు, తల వంచు అని ఒక్కో బుర్రకీ చెప్పి చెప్పి నోరు తిరిగింది, పక్కన దువ్వెన పట్టుకున్న తల్లులతో కబుర్లు ఎలాగూ నడుస్తాయి.

ఇంకోటి, వీడియోల్లో గొంతు గీరుకుపోయేలా నేర్పే 'ఖ' ఐండ్‌హోవెన్ ఉన్న మన బ్రాబాంత్ రాష్ట్రంలో అవసరం లేదు, ఇక్కడ మెత్తగా పలుకుతారు, ఆమ్‌స్టర్‌డామ్ వాళ్ళలా కాదు.

యాప్‌లు పదాలకి బానే ఉంటాయి, మాట్లాడ్డానికి శుద్ధ దండగ. ఊఫెనెన్ డాట్ ఎన్ఎల్ అనే ప్రాక్టీస్ వెబ్‌సైట్ ఫ్రీ, అది నయం. రాత్రి అన్నం తినేటప్పుడు ఇక్కడి పబ్లిక్ టీవీ ఎన్ఓఎస్ వాళ్ళ పిల్లల వార్తలు యోఖ్ట్‌జూర్నాల్ పెట్టుకోండి, నెమ్మదిగా మాట్లాడతారు, సబ్‌టైటిల్స్ కూడా.

క్లాసులు వద్దనట్లేదు, రాయడం మాత్రం క్లాసులోనే వస్తుంది. ఫోల్క్స్‌యూనివర్సిటైట్ అని పెద్దవాళ్ళకి చదువు చెప్పే సంస్థ ఉంది, వాళ్ళ సాయంత్రం కోర్సులు ప్రైవేట్ వాటి కన్నా తక్కువలో ఉంటాయి, ఆర్ఓసీ అనే వృత్తి విద్యా కాలేజీల్లోనూ పెద్దవాళ్ళకి చెప్తారు. ప్రైవేట్ స్కూల్ అయితే బ్లిక్ ఒప్ వెర్క్ అనే నాణ్యత ముద్ర ఉందో లేదో చూసి డబ్బు కట్టండి. మీ వారిని హెచ్ఆర్‌లో అడగమనండి, చాలా కంపెనీలు ఉద్యోగి కోర్సు ఫీజు కడతాయి, కొన్ని భార్యకి కూడా కడతాయి, అడక్కపోతే ఎవరూ చెప్పరు.

ఇన్‌బుర్గరింగ్ పరీక్ష డ్యూవో అనే ప్రభుత్వ సంస్థ పెడుతుంది, చదవడం, వినడం, రాయడం, మాట్లాడడం, ఇక్కడి సమాజం గురించి కేఎన్ఎమ్, అన్నీ విడివిడిగా బుక్ చేస్కోవచ్చు. నేనైతే చదవడం, కేఎన్ఎమ్ ముందు రాసేశా. మాట్లాడే పరీక్షలో ఎదురుగా మనిషి ఉండరు, కంప్యూటర్ చూస్తూ మైక్‌లో చెప్పాలి, అందుకని ఇన్‌బుర్గరెన్ డాట్ ఎన్ఎల్‌లో ఫ్రీగా పెట్టిన మోడల్ పరీక్షలు రెండు మూడు సార్లు చేసి వెళ్ళండి. టాల్‌కఫేలు వేసవి సెలవుల్లో చాలా చోట్ల ఆగిపోతాయి, మళ్ళీ సెప్టెంబర్ నుంచే, కాబట్టి ఈ వారమే లైబ్రరీకి వెళ్ళి అడగండి. బాబుకీ కార్డు తీసుకోండి, 18 ఏళ్ళ లోపు పిల్లలకి ఉచితం.