ఈ ఉక్కపోతలో ఊలు అల్లికలు నేర్చుకుని ఏం చేస్తారంటే

పెళ్ళయి విజయనగరం వచ్చానని, క్రోషా (కొన వంగిన ఒక్క సూదితో అల్లేది), స్వెట్టర్ అల్లిక నేర్చుకోవాలని మనసు లాగుతోందని రాశారు. ఇంట్లోవాళ్ళేమో "ఈ ఉక్కపోతలో ఊలుతో పనేంటి, బజార్లో దొరికేదానికి నెల రోజులు కూర్చోవాలా" అంటున్నారట. నేర్చుకోమంటారా, ఎలా మొదలుపెట్టాలి అని మీ ప్రశ్న. నేను ఈ ఊళ్ళోనే 26 ఏళ్ళుగా అల్లుతున్నాను. తప్పకుండా నేర్చుకోండి. కాకపోతే ఊలుతో కాదు, నూలుతో మొదలుపెట్టండి.

మీవాళ్ళన్న దాంట్లో ఒక్క ముక్క నిజం. మన దగ్గర స్వెట్టర్ వేసుకునేది ఏడాదికి నాలుగు వారాలు, అదీ ధనుర్మాసంలో తెల్లారగట్ల. అరకు వైపు ఉద్యోగాలు చేసేవాళ్ళకైతే చలికాలమంతా కావాలి. మిగతా రోజుల్లో అక్రిలిక్ ఊలు ఒంటి మీద వేస్తే చెమట పీల్చదు, పసిపిల్లలకైతే మెడ చుట్టూ పొక్కులొస్తాయి. నూలు దారం అలా కాదు. క్రోషా అల్లికలో ఉండే సందుల్లోంచి గాలి ఆడుతుంది కాబట్టి మన వాతావరణానికి అంతకన్నా హాయైన బట్ట లేదు. గౌనుకి యోక్ (ఛాతీ పైభాగం), చీరకి అంచు, పూజగదికి తెర, టీవీ మీద గుడ్డ, గుమ్మానికి తోరణం, సంచి... ఊలు ముట్టుకోకుండా జీవితమంతా అల్లుకోవచ్చు.

నాకు ఈ పిచ్చి అంటించింది రైల్వే క్వార్టర్స్‌లో మా పక్కింట్లో ఉండే పాలకొల్లు పిన్నిగారు. వాళ్ళాయనకి ట్రాన్స్‌ఫరై ఇక్కడికొచ్చారు. ఆ నరసాపురం, పాలకొల్లు వైపు క్రోషాతో లేసు అల్లిక ఇంటింటి పని. 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు నేర్పారు, తర్వాత విదేశాలకు ఎగుమతయ్యే దాకా వెళ్ళింది. 2024లో నరసాపురం లేసుకి భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) కూడా వచ్చింది. నేను ఇంటర్ పరీక్షలు రాసి ఖాళీగా ఉన్న వేసవిలో రోజూ మధ్యాహ్నం వాళ్ళ వసారాలో కూర్చునేదాన్ని. కరెంటు పోయినా ఆవిడ చెయ్యి ఆగేది కాదు. చీకట్లో బొటనవేలితో వెనకటి వరస తడుముకుంటూ అల్లుకుపోయేవారు. మే నెలలో చేతికి చెమటపట్టి దారం జారదు కదా, పక్కనే పౌడరు డబ్బా ఉండేది. అరచేతికి కాస్త రాసుకుని మళ్ళీ సూది పట్టేవారు. నేను ఇప్పటికీ అదే చేస్తాను, మీరూ చేయండి.

"తప్పు కనబడితే అక్కడే విప్పేయమ్మా. పూర్తయ్యాక నీ కళ్ళు ఎప్పుడూ దాని మీదకే పోతాయి" అనేవారు ఆవిడ. క్రోషాలో ఉన్న గొప్ప సుఖం ఇదే. కుట్టు ముగిసిన ప్రతిసారీ సూది మీద ఒక్క లూపే ఉంటుంది, దాన్ని తీసి దారం లాగితే గొలుసులా ఊడి వచ్చేస్తుంది, దారం ఏమీ పాడవదు. రెండు సూదుల అల్లికలో (నిట్టింగ్) అలా కాదు. వరసలోని లూపులన్నీ ఒకేసారి సూది మీద ఉంటాయి, ఒకటి జారితే నిచ్చెన మెట్లలా కిందిదాకా ఊడిపోతుంది. కొత్తవాళ్ళకి అదే టెన్షన్. అందుకే ముందు క్రోషా, ఆ తర్వాత నిట్టింగ్ అంటాను.

బజార్లో దొరుకుతుందన్న మాటకు కూడా జవాబుంది. నిట్టింగ్‌కి మిషన్ ఎప్పుడో వచ్చింది. మేజోళ్ళు అల్లే మొదటి యంత్రాన్ని ఇంగ్లండ్‌లో విలియం లీ 1589లోనే చేశాడు. కానీ క్రోషాని నిజంగా చేతిలాగా అల్లే మిషన్ మార్కెట్‌లోకి రాలేదు. ప్రతి కుట్టునీ అక్కడికక్కడ ముగించి, ఏ కన్నంలోనైనా ఏ వైపు నుంచైనా సూది దూర్చాలి కదా, ఆ పని చేతికే చేతనవుతుంది. అంటే బజార్లో నిజమైన క్రోషా ముక్క చవగ్గా కనబడిందంటే, ఎవరో ఒకామె గంటల తరబడి అల్లిందే అది. ఆ ధర చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది. నేనూ ఒకసారి ఒక కొట్టుకి టేబుల్ గుడ్డలు ఇచ్చాను. వాళ్ళు చెప్పిన రేటుకి దారం ఖర్చు కూడా రాలేదు, తిరిగి తెచ్చేసుకున్నాను. ఇప్పుడు తెలిసినవాళ్ళకి మాత్రమే, పట్టిన గంటలు కాగితం మీద రాసి చూపించి మరీ అమ్ముతాను.

పక్క జిల్లా పొందూరులో ఇప్పటికీ వాలుగ చేప దవడతో పత్తి దువ్వి నూలు వడుకుతారు. అక్కడ ఒక ముసలామె ఏకుని (దువ్విన పత్తి చుట్టని) చిటికెలో పోగుగా సాగదీయడం దగ్గర కూర్చుని చూశాను. అలాంటి చేతులున్న చోట అల్లికలెందుకని అడగడం నాకు అర్థం కాదు.

సరే, మొదలుపెట్టే సంగతి. 4 మి.మీ. సూది, లావు నూలు దారం, లేత రంగులో కొనండి. నల్లదారంలో కన్నాలు కనబడవు. లేసు దారం, 2 మి.మీ. కంటే సన్నటి సూదులు ఆరు నెలలు ఆగాక. 21 గొలుసులు (లూపులోంచి లూపు లాగితే వచ్చేవి) వేసి, సూది నుంచి రెండో గొలుసులో మొదలుపెట్టి 20 సింగిల్ కుట్లు (కన్నంలోంచి దారం లాగి, సూది మీది రెండు లూపుల్లోంచి ఒకేసారి మళ్ళీ లాగేది) వేయండి. ఒక గొలుసు వేసి తిప్పండి, మళ్ళీ 20. నా మొదటి చదరం పది వరసలయ్యేసరికి త్రికోణమైంది. ప్రతి వరసలోనూ చివరి కుట్టు కనబడక వదిలేస్తున్నానని పిన్నిగారు చెప్పేదాకా తెలియలేదు. వరస మొదటి కుట్టుకి పిన్నీసు పెట్టుకోండి, తిరుగు వరసలో ఆఖరు కుట్టు వేయాల్సింది అందులోనే. యూట్యూబ్ చూసేటప్పుడు ఇంకో సంగతి గమనించండి. అమెరికా వాళ్ళు సింగిల్ అనే కుట్టునే బ్రిటిష్ వాళ్ళు డబుల్ అంటారు. ఇది తెలియక ఒక టోపీ మూడుసార్లు విప్పాను.

రంగు విషయంలో మాత్రం నా మాట వినండి. మా అప్ప (అక్క) కూతురికి తెల్ల గౌను అల్లి ఎర్రంచు వేశాను. పదిహేను రోజుల పని. మొదటి ఉతుకుకే ఎరుపు దిగి గౌనంతా మచ్చలు మచ్చలుగా గులాబీరంగైపోయింది. నాకు ఏడుపొచ్చింది. అప్ప ఒక్క మాట అనలేదు, పిల్లకి ఆ గౌనే తొడిగి ఫొటో తీయించింది. అప్పటినుంచి ముదురు రంగు దారమైతే ఒక మూర తడిపి తెల్లగుడ్డలో గట్టిగా పిండి చూస్తాను. నూలు మొదటి ఉతుకుకి కాస్త ముడుచుకుంటుంది కూడా, పిల్లల బట్టలు కొంచెం వదులుగా అల్లండి. పసివాళ్ళ మేజోళ్ళకి సందుల డిజైన్ వద్దు, వేళ్ళు ఇరుక్కుంటాయి. లోపలివైపు వదులు పోగు ఒక్కటి కూడా ఉండకూడదు, అది వేలికి చుట్టుకుంటే చాలా ప్రమాదం.

నేనిప్పుడు సంక్రాంతికి గుమ్మం తోరణం అల్లుతున్నాను. 54 బంతిపూలు కావాలి, రాత్రికి 38 అయ్యాయి. మీ చదరం పక్కలు తిన్నగా రాకపోతే ఏ వరసలో ఎన్ని కుట్లున్నాయో లెక్కపెట్టి రాయండి, ఎక్కడ పోయిందో చెబుతాను.