బైపాస్ తర్వాత మీ నాన్న మనసు

చి. శైలజకు పెద్దమ్మ ఆశీస్సులు.

ఆపరేషన్ అయి ఇంటికొచ్చాక మీ నాన్న ఊరికే కళ్లనీళ్లు పెట్టుకుంటున్నారని, అయినదానికీ కానిదానికీ విసుక్కుంటున్నారని ఫోన్లో అన్నావు. గుండె వార్డులో ఏళ్ల తరబడి నర్సుగా చూశాను కాబట్టి చెబుతున్నా, అది పిరికితనం కాదమ్మా. బైపాస్ తర్వాత మొదటి వారాల్లో దిగులు, నిద్రపట్టకపోవడం చాలామందికి ఉంటాయి. "మగాడివి, ధైర్యంగా ఉండు" అని మాత్రం ఎవరినీ అననివ్వకు. ఆ మాట విన్నవాళ్లు ఏడుపు మానరు, మనకు కనపడకుండా ఏడుస్తారు.

ఐసీయూలో లేనిపోనివి ఏమైనా కనిపించాయేమో మెల్లగా అడుగు. మత్తుమందు, నొప్పి, నిద్రలేమి కలిసి కొందరికి గోడ మీద పురుగులు పాకినట్టు, ఎవరో తమను పట్టుకుపోతున్నట్టు అనిపిస్తుంది. మతి పోతోందేమోనన్న భయంతో ఇంట్లో చెప్పుకోరు.

మీ అమ్మ రాత్రిళ్లు లేచి ఆయన ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తోందన్నావే, అది మాన్పించు. ఆయన మేలుకునే ఉంటారు తల్లీ. అలా చూసిన ప్రతిసారీ ఆయనకు చావే గుర్తొస్తుంది.

ఆపరేషన్‌లో కోసిన రొమ్ము ఎముక అతుక్కోవడానికి 6 నుంచి 12 వారాలు పడుతుంది. దగ్గొస్తే చిన్న దిండు గుండెలకు గట్టిగా హత్తుకుని దగ్గమను, కుట్లు ఊడతాయన్న భయం తగ్గుతుంది. బరువులు ఎత్తనివ్వకు, కానీ పనే లేకుండా కూర్చోబెట్టకు. చిక్కుడుకాయల ఈనెలు తీయడం, పాల లెక్క చూడటం ఆయనకే వదిలెయ్. గుంటూరు ఎండ ముదరకముందే బ్రాడీపేటలో మీ సందు చివరిదాకా నడిపించు. ఎన్టీఆర్ స్టేడియంలో నడక సంగతి డాక్టరుగారు సరేనన్నాకే.

చూడటానికొచ్చి "మా వియ్యంకుడికీ ఇలాగే చేశారు, పాపం ఆర్నెల్లకే..." అని మొదలుపెట్టేవాళ్లను వరండాలోనే కాఫీ ఇచ్చి పంపెయ్.

దిగులు రెండు వారాలు దాటినా తగ్గకపోతే, తిండి మానేస్తే గుండె డాక్టరుకే చెప్పు. నిద్రమాత్రలు మెడికల్ షాపులో అడిగి తేవద్దు, గుండె మందులతో పడకపోవచ్చు. "ఎందుకు బతికించారు" అన్నారంటే మాత్రం ఆ రోజే ఫోన్ చెయ్. మనసు బాగోలేనివాళ్ల కోసం ప్రభుత్వం పెట్టిన టెలి మానస్ ఫోన్ సేవ 14416కి ఏ వేళైనా చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు. ఛాతీ నొప్పి, ఆయాసం వస్తే దిగులే అనుకోకు, వెంటనే 108.

వచ్చే చెకప్‌కి ఇవన్నీ కాగితం మీద రాసుకుని నువ్వే లోపలికి వెళ్లు. ఆయనను అడిగితే "బాగానే ఉన్నానండీ" అనేసి లేచొచ్చేస్తారు.

మీ పెద్దమ్మ