అమెరికాలో ఫాస్టర్ కేర్‌లో పెరిగిన పిల్లలకి స్కాలర్‌షిప్పులు నిజంగా పనికొస్తాయా?

పనికొస్తాయండీ, ఎందుకు పనికిరావు. కాకపోతే ప్రశ్న కింద "ఫీజు కట్టేస్తే చాలదా" అని కూడా అడిగారు చూడండి, అక్కడ నాకు చివుక్కుమంది. ఫాస్టర్ కేర్ అంటే కన్నవాళ్ళ దగ్గర ఉండలేని పిల్లల్ని ప్రభుత్వం వేరే ఇళ్ళల్లో ఉంచి పెంచడం. మేం ఇక్కడ అలా పిల్లల్ని పెట్టుకునే ఫాస్టర్ పేరెంట్స్‌గా లైసెన్స్ తీసుకున్నాం, మా ఇంటికొచ్చిన పిల్లల్లో ఒకమ్మాయి హైస్కూల్ ఆఖరి ఏడాదిలో వచ్చింది, తన సంగతే చెప్తా.

ఇక్కడ కాలేజీకి ప్రభుత్వ సాయం కావాలంటే ఫాఫ్సా అనే ఫారం నింపాలి. ఓ రాత్రి భోజనాలయ్యాక ఇద్దరం టేబుల్ దగ్గర కూర్చున్నాం, తను గబగబా టైప్ చేస్తూ పోతోంది, పేరెంట్స్ మాట రాగానే చెయ్యి ఆగిపోయింది. ల్యాప్‌టాప్ మూసేసి "నాకు కాలేజీ వద్దులే" అని లేచెళ్ళిపోయింది. వాళ్ళమ్మ ఎక్కడుందో తనకే తెలీదు, ఇంక ఆవిడ టాక్స్ కాగితాలు ఎక్కణ్ణుంచి తెస్తుంది? నిజానికి 13 ఏళ్ళు నిండాక ఎప్పుడైనా ఫాస్టర్ కేర్‌లో ఉన్నవాళ్ళని ఇండిపెండెంట్ స్టూడెంట్‌గానే లెక్కేస్తారు, పేరెంట్స్ ఆదాయంతో పనే లేదు, తర్వాత ఎవరైనా దత్తత తీసుకున్నా అది మారదు. ఈ ముక్క తనకి స్కూల్లో ఒక్కరూ చెప్పలేదు, నేను చెప్తే ముందు నమ్మలేదు కూడా. సరే పంపించాం, కాలేజీ ఆఫీసు వాళ్ళు పేరెంట్ సంతకం ఏదీ అని మళ్ళీ మెయిల్! కోర్టు లెటర్ పట్టుకుని నేనే వెళ్ళి కౌంటర్ దగ్గర నిలబడితే గానీ పనవ్వలేదు. వెంట ఎవరూ లేని పిల్లయితే ఆ మెయిల్ చూసి చదువే మానేసేది, రాసిస్తాను కావాలంటే.

డబ్బు సంగతికొస్తే ఫాస్టర్ కేర్ పిల్లల చదువుకి ప్రభుత్వమిచ్చే చేఫీ వోచర్ అని ఒకటుంది, ఏడాదికి 5,000 డాలర్ల దాకా ఇస్తారు, 26 ఏళ్ళ వరకు, మొత్తం మీద 5 ఏళ్ళకి మించకుండా. దానికి పెల్ గ్రాంట్, అంటే తక్కువ ఆదాయం ఉన్న విద్యార్థులకి ప్రభుత్వమిచ్చే సాయం, తోడైతే కమ్యూనిటీ కాలేజీ (తక్కువ ఫీజుండే రెండేళ్ళ కాలేజీ) ఫీజు గట్టెక్కుతుంది. టెక్సస్ లాంటి రాష్ట్రాలు ప్రభుత్వ కాలేజీల్లో ట్యూషనే మాఫీ చేస్తాయి. కానీ సాయంలో మిగిలిన డబ్బు చేతికొచ్చేది క్లాసులు మొదలయ్యాక, అద్దింటి డిపాజిట్ మాత్రం ముందే కట్టాలి, పైగా కో-సైనర్, అంటే అద్దెకి హామీగా సంతకం పెట్టే మనిషి, కావాలంటారు. పద్దెనిమిదేళ్ళ పిల్లకి కో-సైనర్ ఎవరుంటారండీ? మావారు సంతకం పెట్టారు కాబట్టి సరిపోయింది. అందుకే నా మటుకు, ఒక్కసారి చెక్కిచ్చి ఫోటో దిగే స్కాలర్‌షిప్ కన్నా చదువయ్యేదాకా ఏటా వచ్చేది, కష్టమొస్తే ఫోన్ చెయ్యడానికి ఒక మనిషిని కూడా ఇచ్చేదే అసలైన సాయం. కాలిఫోర్నియాలోని కాల్ స్టేట్ ఫుల్లర్టన్ యూనివర్సిటీలో ఫాస్టర్ కేర్ పిల్లల కోసం 1998లో మొదలైన గార్డియన్ స్కాలర్స్ ఆ పద్ధతే, చాలా కాలేజీలు దాన్ని చూసి పెట్టుకున్నాయి.

ఇంకోటి, నాకు ఒళ్ళు మండే విషయం, ఆ వ్యాసాలు. "నీ జీవితంలో ఎదుర్కొన్న కష్టం గురించి రాయి" అంటారు, ప్రతి అప్లికేషన్‌కీ ఆ పిల్ల తన చిన్నప్పటి నరకం మళ్ళీ తవ్వుకోవాలి, ఎవరిది ఎక్కువ ఏడిపిస్తే వాళ్ళకి డబ్బులన్నట్టు. ఏం చదవాలనుకుంటున్నావో అడగొచ్చుగా! మా అమ్మాయి ఇప్పుడు రెస్పిరేటరీ థెరపీ చదువుతోంది, దాని గురించి అడిగితే గంటసేపు చెప్తుంది. మన తెలుగు సంఘాలు కూడా ఏటా టాపర్లకే ఇస్తాయి, అమ్మానాన్న ఇద్దరూ సాఫ్ట్‌వేర్‌లో ఉన్న పిల్లలకి ఆ వెయ్యి డాలర్లు ఏ మూలకి? అందులో ఒక్కటి ఇటు మళ్ళించమని నేను మీటింగుల్లో అడుగుతూనే ఉన్నా.

మీకు తెలిసిన పిల్లలెవరైనా ఉంటే ఒక్క పని చేయించండి. ఆరు నెలలకి పైగా కేర్‌లో ఉండి 18 నిండాక బయటికొచ్చేవాళ్ళకి, ఫాస్టర్ కేర్‌లో ఉన్నట్టు రుజువు పత్రం ఇచ్చి పంపాలని 2018 చట్టంలో ఉంది. వాళ్ళ బాగోగులు చూసే ప్రభుత్వ ఉద్యోగి, అదే కేస్ వర్కర్, మారిపోకముందే అడిగి తీసుకుని, స్కాన్ చేసి మెయిల్‌లో దాచుకోమనండి.