తడి ఆరేదాకా ఆగడం: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: నాకు 30 ఏళ్లు. ఫిషరీస్ డిప్లొమా చదివి నెల్లూరు జిల్లా విడవలూరు మండలంలో రొయ్యల చెరువులకు టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాను. మొదటి మూడేళ్లు నేను చూసిన చెరువులన్నిటిలో పంట బాగా రావడంతో నాకు ఏకంగా 22 చెరువులు అప్పగించారు. పోయిన వేసవి పంటలో ఒక రైతు చేత చదరపు మీటరుకు 55 రొయ్య పిల్లల చొప్పున వేయించాను. డెబ్బయ్యో రోజు దాటాక రెండు రోజులు వరసగా మబ్బు పట్టింది. మూడో రోజు తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోయి రొయ్య గట్టు వెంబడి తేలింది. ఉన్నదున్నట్టు పట్టేసి, వచ్చిన ధరకు అమ్ముకోవాల్సి వచ్చింది. ఆ రైతు నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అదే నన్ను ఎక్కువగా బాధిస్తోంది. ఇప్పుడు వేరే కంపెనీ వారు ఎక్కువ జీతానికి 40 చెరువులు చూసే ఉద్యోగం ఇస్తామంటున్నారు. అక్కడికి వెళ్లి గట్టిగా పనిచేసి పోయిన పేరు తిరిగి తెచ్చుకోవాలని నా ఆరాటం. మా మామయ్య మాత్రం ఒక ఏడాది ఉన్నచోటే ఉండమంటున్నాడు. ఏం చేయమంటారు?
(పేరు ప్రచురించవద్దని కోరారు)

జవాబు: మీ మామయ్య మాట వినమనే నేనూ చెబుతాను. అయితే ఆయన ఏ కారణంతో అన్నారో నాకు తెలియదు కనుక నా కారణాలు నేను చెబుతాను.

ముందు ఆ చెరువులో ఏం జరిగిందో చూద్దాం. మీకు తెలియని విషయం కాదు, కానీ నష్టం వచ్చినవాడు తెలిసిన విషయాన్నే వరసగా రాసుకోవాలి. పగటి వెలుతురులో నీటిలో తేలే సూక్ష్మమైన మొక్కలు, అంటే ప్లవకాలు, ఆక్సిజన్ తయారు చేస్తాయి. రాత్రి పొద్దుపోయాక అవీ, రొయ్యలూ, అడుగున కుళ్లే మేతా అన్నీ కలిసి ఆ ఆక్సిజన్‌నే వాడుకుంటాయి కాబట్టి తెల్లవారకముందు అది అన్నిటికన్నా తక్కువగా ఉంటుంది. రెండు రోజులు మబ్బు పడితే తయారయ్యేది తగ్గుతుంది గానీ ఖర్చు తగ్గదు. అలాంటి రోజుల్లో మేత తగ్గించాలని, నీటిలోకి గాలి కలిపే ఏరియేటర్లు రాత్రంతా ఆపకూడదని మీరే పదిమందికి చెప్పి ఉంటారు. మరి ఆ రెండు రోజులూ ఆ చెరువులో మేత పరీక్షకు దించే పళ్లేలు, అదే చెక్ ట్రేలు, పైకి లాగి, మేత మిగిలిందా, రొయ్య పేగు నిండుగా ఉందా అని చూసింది ఎవరు? 22 చెరువులు తిరగాల్సిన మీరు ఆ గట్టు మీదికి ఏ రోజు వెళ్లారో మీ ఉత్తరంలో లేదు. రాయడం మరిచిపోయారనుకోను.

చదరపు మీటరుకు 55 పిల్లలంటే ఎక్కువే గానీ, ఇప్పుడు మీరు పెంచే వనామీ రకం రొయ్యకు అనుమతించిన 60 పరిమితికి లోపలే ఉంది. నా మటుకు నాకు అసలు లోపం మరోచోట కనిపిస్తోంది. మీరు చెరువులో పిల్లల సాంద్రత లెక్కవేశారు గానీ, మీ మీద పడిన చెరువుల సాంద్రత లెక్కవేయలేదు. ఆ లెక్కను 22 నుంచి 40కి పెంచుకుంటే, మిమ్మల్ని దెబ్బతీసిన కారణాన్నే ఎక్కువ జీతానికి కొనుక్కున్నట్టవుతుంది. ఇంకో మాట, మొదటి మూడేళ్లూ పంట బాగా వచ్చిందన్నారు. అందులో మీ వంతు ఎంత, మంచి సీడ్ (రొయ్య పిల్లల) వంతు ఎంత, మబ్బు చూసి మిమ్మల్ని అడగకుండానే మేత తగ్గించిన పాత రైతుల వంతు ఎంత? పట్టుబడి బాగుంటే ఆ రాత్రి విందే గానీ, రిజిస్టరు తెరిచేవాడు ఉండడు.

ఈ మాటలు పుస్తకాలు చదివి చెప్పడం లేదు. పాతికేళ్ల కిందట నేను చీమకుర్తి దగ్గర ఒక గ్రానైట్ పాలిషింగ్ యూనిట్‌లో సూపర్‌వైజర్‌గా చేరాను. నల్లటి రాతిలో బంగారు నలుసులు మెరిసే ఆ గెలాక్సీ గ్రానైట్ చీమకుర్తి ప్రాంతంలో తప్ప మరెక్కడా దొరకదని మీకు తెలిసే ఉంటుంది. అక్కడ ఒక ముసలి మేస్త్రీ ఉండేవాడు. బ్లాకు దిగగానే దాని మీద బకెట్లతో నీళ్లు గుమ్మరించి, వేపచెట్టు నీడన కూర్చుని బీడీ వెలిగించేవాడు. పొడిగా ఉన్నప్పుడు రాతిలో నెర్రె కనిపించదు; తడిగా ఉన్నప్పుడు రాయంతా ఒకటే నలుపు, అప్పుడూ కనిపించదు. ఆరేటప్పుడు మాత్రమే, చుట్టూ తెల్లబడుతున్న రాతి మీద నెర్రెలో దాగిన తడి దారప్పోగంత గీతగా కాసేపు నిలుస్తుంది. మేస్త్రీ ఆ కాసేపటి కోసం కూర్చునేవాడు. నాకు మాత్రం అది సోమరితనంగా కనిపించేది.

ఒకరోజు బయట లారీ నిలబడి ఉంది, ఆర్డరు గడువు దగ్గర పడింది. “అప్పుడే ఎక్కించొద్దు సార్, పైన ఆరింది గానీ కింద అంచు ఇంకా ఆరలా” అన్నాడు మేస్త్రీ. నేను వినకుండా బ్లాకును స్లాబులుగా కోసే యంత్రం, గ్యాంగ్‌సా మీదికి ఎక్కించాను. కోత పూర్తయ్యాక స్లాబులు ఒక్కొక్కటే దించుతుంటే అన్నీ ఒకే వాలున, అడుగు అంచు దగ్గర, విరిగి వచ్చాయి. మూడు నెలల పాటు క్వారీ వాళ్లనే తప్పుపట్టాను. ఆ తర్వాతనే మేస్త్రీ పక్కన కూర్చుని, ప్రతి బ్లాకు మీద కనిపించిన గీతను సుద్దతో గుర్తుపెట్టి, కోతలో ఎన్ని స్లాబులు పోయాయో ఒక నోటు పుస్తకంలో రాయడం మొదలుపెట్టాను. ఏడాది పట్టింది. ఆ ఏడాదిలో నాకు జీతం పెరగలేదు, నాతో చేరినవారు ఇద్దరు మేనేజర్లయ్యారు. అసూయ పడలేదని చెబితే అబద్ధమవుతుంది. కానీ తర్వాతి పదేళ్లు నాకు పనిచ్చింది ఆ నోటు పుస్తకమే.

2022 వరకు మన నెల్లూరు జిల్లాలోనే ఉన్న శ్రీహరికోటను కూడా ఒకసారి గుర్తుచేసుకోండి. 1979 నాటి ఎస్సెల్వీ రాకెట్ వైఫల్యం గురించి అందరూ చెబుతారు కనుక అది వదిలేస్తాను. అతి చల్లని ద్రవ ఇంధనంతో నడిచే స్వదేశీ క్రయోజెనిక్ ఇంజన్‌తో 2010 ఏప్రిల్‌లో ఎగిరిన మొదటి జీఎస్‌ఎల్‌వీ రాకెట్ విఫలమైంది. అదే ఏడాది డిసెంబరులో రష్యా క్రయోజెనిక్ దశతో వెళ్లిన మరొకటీ విఫలమైంది. ఇస్రో వారు మూడేళ్లు పరీక్షలు చేసి 2013 ఆగస్టు 19న మళ్లీ సిద్ధమయ్యారు. దేశమంతా చూస్తుండగా, ప్రయోగానికి 74 నిమిషాల ముందు రెండో దశలో ఇంధనం కారుతోందని గమనించి కౌంట్‌డౌన్ ఆపేశారు. రాకెట్‌ను వెనక్కి తీసుకెళ్లి, రెండో దశనే మార్చి, పగుళ్లకు లోనయ్యే పాత మిశ్రమ లోహం బదులు వేరే అల్యూమినియం మిశ్రమంతో చేసిన ట్యాంకు పెట్టారు. నాలుగున్నర నెలల తర్వాత 2014 జనవరి 5న అదే రాకెట్ జీశాట్-14 ఉపగ్రహాన్ని కక్ష్యలోకి చేర్చింది. రెండుసార్లు ఓడినవారికి ఆ రోజు ఎగరేసి చూపించాలన్న ఆరాటం మీకన్నా తక్కువ ఉండి ఉంటుందా?

మీ వృత్తిలోనూ ఇలాంటి ఉదాహరణే ఉంది. 1994లో కండలేరు క్రీకు (ఉప్పుటేరు) వెంబడి టైగర్ రొయ్యను తెల్లమచ్చల వైరస్ తుడిచిపెట్టినప్పుడు, జబ్బు చెరువు నీటిని క్రీకులోకి వదిలేసి, అదే క్రీకు నీటిని మళ్లీ తోడుకుని వెంటనే పిల్లలు వేసినవారి కథలు ఆ పక్క పెద్దవాళ్లను అడిగితే చెబుతారు. సీడ్‌లో వైరస్ ఉందేమో పీసీఆర్ పరీక్ష చేయించడం, రిజర్వాయరు చెరువులో నీటిని బ్లీచింగ్ చేసి నిలవ ఉంచడం, పీతలు రాకుండా కంచె కట్టడం వంటివన్నీ ఆ దెబ్బ తర్వాత నిదానంగా అలవాటైనవే. మీరు ఇవాళ మామూలుగా చేసే పనులు ఎవరో ఒకరి నష్టంలోంచి వచ్చాయి.

ఇక మీరు చేయాల్సింది చెబుతాను. ఆ రైతు ఇంటికి వెళ్లండి. క్షమాపణ ఒక్కటే చెప్పి లేచి రావద్దు, ఆ పంట రిజిస్టరు ఆయన ముందు తెరిచి, చివరి పది రోజుల మేత, మబ్బు, ఏరియేటర్లు నడిచిన గంటలు ఇద్దరూ కలిసి చూడండి. ఆయన మౌనానికి అర్థం అక్కడ తెలుస్తుంది. మన వైపు రైతు కోపం వస్తే తిడతాడు, తిట్టలేదంటే ఇంకా ఏదో అడగాలనుకుంటున్నాడని నా అనుభవం. ఆ తర్వాత మీ పైవారిని అడిగి, ఒక్క పంటకైనా చెరువులను 12కు తగ్గించుకోండి. మబ్బు రోజుల్లో తెల్లవారుజామున నాలుగింటికి ఆక్సిజన్ మీటరు పట్టుకుని గట్టు మీద మీరే నిలబడండి.

పైవారు తగ్గించడానికి ఒప్పుకోకపోతే అక్కడే ఉండమని నేను చెప్పను; దాన్ని ఓర్పు అనలేం. ఇంటి మీద అప్పుండి జీతం తప్పనిసరి అయినా అంతే, మీ మామయ్య ఈఎంఐ కట్టరు కదా. అప్పుడు కొత్త కంపెనీకే వెళ్లండి, కానీ మొదటి పంటకు 15 చెరువులకు మించి తీసుకోనని కాగితం మీద రాయించుకుని వెళ్లండి. అలా అడిగితే ఉద్యోగమే ఇవ్వమంటే, ఆ 40 చెరువుల రైతులకు మీరు చేయగలిగిన మంచి వెళ్లకపోవడమే.

ప్రశ్న: ఒంగోలులో మగ్గం వర్క్ బ్లౌజులు కుట్టిస్తాను. శ్రావణ మాసం పెళ్లిళ్లకు వరసగా రెండు బ్లౌజులు కొలత తప్పి, డబ్బు వెనక్కి ఇచ్చాను. నాకు ఈ పని అబ్బదని మానేయమంటారా?
(ఒక సోదరి, ఒంగోలు)

జవాబు: మానేయవద్దమ్మా. రెండూ శ్రావణంలోనే తప్పాయంటే చేయి తప్పింది కాదు, ఒప్పుకున్న ఆర్డర్లు ఎక్కువయ్యాయి. వచ్చే సీజనుకు వారానికి ఎన్ని బ్లౌజులు నిదానంగా పూర్తవుతాయో ఇప్పుడే, పెళ్లిళ్లు లేని రోజుల్లో లెక్క చూసుకుని, ఆ సంఖ్య గోడ మీద రాసిపెట్టండి. మగ్గం ఎక్కించే ముందు లైనింగ్ గుడ్డను ఒకసారి టాకాలు వేసి అమ్మాయికి తొడిగి చూడండి; పూసలు కుట్టాక విప్పడం కన్నా అది తేలిక, అరగంట పని. ఆ రెండు బ్లౌజులు మీ దగ్గరే ఉంటే పారేయకుండా దాచండి. చంక దగ్గర తప్పిందా, భుజం దగ్గరా అన్నది వాటిని తిరగేసి చూస్తేనే తెలుస్తుంది.